వాదవచనమును జదివించు పద్ధతి

మన పాఠశాలలలోఁ బద్యమును బోధించునప్పుడు పండితుఁడు ఎంత శ్రద్ధ వహించునో వచనమును బోధించునప్పుడు అంత ఉపేక్ష వహించుచున్నాఁడు. పద్యమునకుఁ బదవిభాగము, అన్వయము, ప్రతిపదార్థము, తాత్పర్యము, అలంకారము, ఛందస్సు అని ఇన్ని మెట్లు కలవు. వచనపాఠము వచ్చినంతనే ఒక విద్యార్థిచే బిగ్గరగాఁ జదివించి, కఠినపదములకు అర్థములు వ్రాయించి, సారాంశమును జెప్పి వ్రాసికొనుఁడనుటతో బోధ ముగియును. పరీక్షాపత్రము సైతము ఆ సారాంశమునే అడుగును. ఇట్లు పది సంవత్సరములు చదివిన బాలునకు వచనమనఁగా విషయమును మోసికొనివచ్చు గంప యనియు, సరకును దింపికొన్న పిమ్మట గంపతోఁ బనిలేదనియు నిశ్చయము కలుగును.

నేనిచ్చట వచనమనుట కథావచనమును గాదు. వ్యాసము, ఉపన్యాసము, పీఠిక, విన్నపము, నివేదిక, సంపాదకీయము మొదలగునవి, అనఁగా చదువరిని ఒక అభిప్రాయమునకుఁ దెచ్చుటకై వ్రాయఁబడినవి, వీనినే వాదవచనమని వ్యవహరించుచున్నాను. బడి విడిచిన విద్యార్థిని బద్యము వెదకికొని రాదు. వాదవచనము ప్రతిదినమును వచ్చును. ఎన్నికల కరపత్రము, మందుల ప్రకటన, ప్రభుత్వపు తాఖీదు - ఇవి యన్నియు నతనిచేత నేదో యొకటి చేయింపఁ జూచునవియే. ఇవి చెప్పిన విషయముకంటెఁ జెప్పిన తీరుచేతనే ఎక్కువ పనిని సాధించును. సారాంశమును మాత్రమే వ్రాయ నేర్చినవానికి ఆ తీరు కంటఁబడదు.

ఈ కొఱతను గుర్తించినవారు లేకపోలేదు. అమెరికాలోని ఉన్నతపాఠశాలలలో ఒక వాదవచనమును జేతికిచ్చి, రచయిత తన చదువరిని ఒప్పించుటకు ఏమేమి చేసెనో పరిశీలింపుమని ప్రశ్నించు ఆచారము చాలకాలముగా నున్నది. దీనికి మూలము అరిస్టాటిలు ‘రెటరిక్’ అను గ్రంథము. వక్తయొక్క శీలము, శ్రోతయొక్క మనోభావము, విషయమందలి యుక్తి - ఈ మూఁటివలన నమ్మిక పుట్టునని అందాయన నిరూపించెను. పద్ధతి మంచిదే. కాని దానిని మనవారు దిగుమతి చేసికొనునపుడు మూఁడు గడుల పట్టికగా మార్చి, ఈ వాక్యము శీలము, ఈ వాక్యము భావము, ఈ వాక్యము యుక్తి అని పేర్లు తగిలింపఁజేయుచున్నారు. పద్యమునకు ‘ఇచట నుపమాలంకారము’ అని వ్రాసి చేయి దులుపుకొనుటకును దీనికిని భేదమేమి? ఉపమ యున్నదని చెప్పుట చదువు కాదు. ఆ యుపమ లేనిచో ఏమి నష్టమగునో చెప్పుట చదువు.

అంతకంటె వింత యేమనఁగా, ఈ విద్యకు వలసిన సాధనములు మన పండితుల యొద్ద దండిగా నున్నవి. వానిని శాస్త్రగ్రంథములకే పరిమితము చేసి, తెలుఁగు వాచకముపై నుపయోగించుట మనము మఱచితిమి. ప్రకరణాదిని విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను నాలుగనుబంధములను విచారింపక శాస్త్రపాఠ మారంభింపము గదా. వీనిలో ‘అధికారి’ యనునది, దీనిని జదువఁదగినవాఁడెవఁడు అను ప్రశ్న. అదియే పాశ్చాత్యులు శ్రోతను గుఱించి యడుగు ప్రశ్న. కౌటిల్యుని అర్థశాస్త్రమును 1909లో మైసూరునందు శామశాస్త్రిగారు ప్రకటించిన పిమ్మట, అందలి రెండవ యధికరణమున శాసనాధికారమను ప్రకరణము మనకు లభించినది. లేఖ వ్రాయుటకు ముందు దానిని అందుకొనువాని జాతి, కులము, స్థానము, వయస్సు, చదువు, వృత్తి, సంపద, శీలము, దేశకాలములు చూచికొనవలెనని ఆయన విధించెను. నింద, ప్రశంస, ప్రశ్న, అర్థనము, నిరాకరణము, ఉపాలంభము, సాంత్వనము, బెదరింపు, అనునయము మొదలుగా లేఖకు 13 ప్రయోజనములను లెక్కించెను. అర్థక్రమము, సంబంధము, పరిపూర్ణత, మాధుర్యము, ఔదార్యము, స్పష్టత్వము అని 6 గుణములను జెప్పెను. ఇది వ్రాయువానికిఁ జేసిన ఉపదేశము. చదువువాఁడు దీనిని విలోమముగాఁ బట్టుకొనవలెను: ఈ లేఖ ఇట్లున్నది, కావున వ్రాసినవాఁడు అందుకొనువానిని ఎట్టివాఁడని తలఁచెను? ఈ యొక్క ప్రశ్నతో సగము పాఠము నడచును.

మీమాంసకుల సాధనము ఇంకను పదునైనది. ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి అను 6 లింగములచే తాత్పర్యమును నిర్ణయించుట పండితులకుఁ గ్రొత్త కాదు. వీనిలో బాలురకు మిక్కిలి యుపకరించునది విధ్యర్థవాదముల వివేకము. చేయుమని చెప్పు వాక్యము విధి. దానిని స్తుతించియో, తదితరమును నిందించియో మనస్సును అటు త్రిప్పు వాక్యము అర్థవాదము. నహినిందాన్యాయము చెప్పునదేమి? నింద నింద్యమును నిందించుటకై ప్రవర్తింపదు, విధేయమును స్తుతించుటకే ప్రవర్తించును. ఈ న్యాయమును దెలిసిన విద్యార్థి సంపాదకీయములో నొకరిపైఁ గుప్పించిన తిట్లను జూచి, ఈ నింద దేనికి స్తుతి యని యడుగును. తిట్టును నిజమని నమ్ముటయు, అబద్ధమని కోపించుటయు రెండును అప్పుడు వెనుకఁబడును.

నేను వ్యాకరణము చదివినవాఁడను గనుక మహాభాష్యమునుండియే ఒక యుదాహరణమును జూపెదను. పస్పశాహ్నికమునఁ బతంజలి కుండలను గుఱించి చెప్పిన మాట లోకప్రసిద్ధము. కుండతోఁ బని గలవాఁడు కుమ్మరి యింటికిఁ బోయి కుండ చేసి యిమ్మనును. మాటలతోఁ బని గలవాఁడు వైయాకరణుని యింటికిఁ బోయి మాటలు చేసి యిమ్మని యడుగఁడు. దీనిని మాత్రము విడఁదీసి విద్యార్థికిచ్చి తాత్పర్య మడిగినచో, భాష లోకునిది, వైయాకరణునకు దానిపై నధికారము లేదు అని తప్పక వ్రాయును. పూర్వాపరములతోఁ జూపినచో దృష్టాంతము వేఱు పని చేయుచున్నది. అచటి విచారము శబ్దము సిద్ధమా, కార్యమా అని. కుండ చేయఁబడునది, శబ్దము చేయఁబడునది కాదు అని చూపుటయే దాని పని. అంతటితో ఆఁగక భాష్యకారుఁడు వెంటనే, లోకమే ప్రమాణమైనచో శాస్త్రము చేయునదేమి అని శంకించి, అది ధర్మనియమము చేయునని సమాధానము చెప్పెను. ఆఁకలి దేనిని దిన్నను దీఱును. అయినను ఇది భక్ష్యము, ఇది అభక్ష్యము అని నియమము కలదు గదా యని నిదర్శనము నొసఁగెను. కుమ్మరి మాట యిచ్చటి పూర్వార్ధము మాత్రమే. ఉత్తరార్ధమును గోసివేసి పూర్వార్ధమును జెండాగా నెత్తినవాఁడు పతంజలిని జదువలేదు, పతంజలిని వాడుకొన్నాఁడు.

అదే భాష్యమున ద్వితీయాధ్యాయమునందు రథసారథి కథ కలదు. ఒక వైయాకరణుఁడు రథమును నడపువాని నుద్దేశించి ‘ప్రవేత’ యెవఁడని యడుగఁగా, సారథి తాను ‘ప్రాజిత’నని బదులు చెప్పెను. అది అపశబ్దమని వైయాకరణుఁ డనఁగా, నీవు సూత్రమువలనఁ బ్రాప్తమైన దెఱుఁగుదువు గాని ఇష్టమైన ప్రయోగము నెఱుఁగవు అని సారథి యుత్తరమిచ్చెను. కోపించి వైయాకరణుఁడు తిట్టఁబోఁగా, ఆ తిట్టులోని వ్యుత్పత్తిని సైతము సారథి దిద్దెను! దీనినుండి విద్యార్థి గ్రహింపవలసినది ‘ఇష్టికి బలము కలదు’ అను సిద్ధాంతము మాత్రమే కాదు. దీనిని వ్రాసినవాఁడు వైయాకరణుఁడు, చదువువారును వైయాకరణులే. తమ కులమువాఁడు సారథి చేతిలో నోడిపోవుట చూచి తామే నవ్వుకొనునట్లు చేసెను. నవ్వినవాఁడు సగము ఒప్పుకొన్నవాఁడే. ఈ సిద్ధాంతమునే శుష్కయుక్తులతోఁ జెప్పినచో ఎందఱు శిష్యులు వాదమునకు లేచియుందురో! రచయిత యెవఁడు, చదువరి యెవఁడు అని అడుగకున్నచో ఈ కథలోని యీ బలము ఎన్నఁటికిని దొరకదు.

కుమ్మరిని ఒక ప్రక్కను సారథిని మఱియొక ప్రక్కను నిలిపి, భాష్యకారుఁడు ఏ పక్షమువాఁడని నా విద్యార్థుల నడిగినప్పుడు వారు తికమకపడుదురు. ఆ తికమకయే నాకు వలసినది.

పతంజలి విచారించిన ఈ శాస్త్రలోకవివాదమే ఇరువదవ శతాబ్ది యారంభమునఁ దెలుఁగునేలపై గ్రాంథికవ్యావహారికవివాదముగా మఱియొక రూపమున వచ్చినది. వాదవచనమును నేర్పుటకు ఇంతకంటెఁ దగిన సామగ్రి మన భాషలో నాకుఁ గానరాదు. అయినను దానిని మనము బోధించు తీరు చూడుఁడు. ఆగస్టు 29వ తేదీ గిడుగు రామమూర్తిగారి జయంతి. ఆ దినమును దెలుఁగుభాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. పిల్లలు వేదికనెక్కి ఆయనను స్తుతింతురు. గ్రాంథికవాదులను మూర్ఖులని నిందింతురు. ఆయన వాదములోని ఒక్క పుటను గూడ ఎవరును జదివియుండరు. వాదమును గెలిచినవానికి జరుగు అవమానము ఇది. అతని యుక్తులను మఱచి అతని విజయమును మాత్రమే వల్లెవేయుచున్నాము. ఈ వ్యాసము ఏ భాషలో వ్రాయఁబడినదో చదువరులు చూచుచునే యున్నారు. కావున నేను ఏ పక్షమునకును జెందనివాఁడనని చెప్పుకొనను. కాని రామమూర్తిగారిని జదువక పొగడుటకంటెఁ జదివి యెదిరించుట ఆయనకు ఎక్కువ గౌరవమని నా తలంపు.

మొదట పత్రముల పేరులు, భాష చూడుఁడు. 1911లో ఆంధ్రసాహిత్యపరిషత్తు ఏర్పడినది. 1913లో రామమూర్తిగారు ఆధునికాంధ్రమును గుఱించి ‘మెమొరాండము’ను బ్రకటించిరి. అదే సంవత్సరమున జయంతి రామయ్యపంతులుగారు గ్రాంథికాంధ్రమునకు ‘డిఫెన్సు’ను బ్రకటించిరి. 1914లో గురజాడ అప్పారావుగారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ‘డిసెంటు పత్రము’ను సమర్పించిరి. ఈ మూఁడును ఆంగ్లభాషలో వ్రాయఁబడినవి! తెలుఁగు ఎట్లు వ్రాయవలెను అను వివాదము ఈ పత్రములలోఁ దెలుఁగులో నడవలేదు. ఏలయన, తీర్పు చెప్పవలసినవారు ప్రభుత్వమువారు, విశ్వవిద్యాలయమువారు. అధికారి యెవఁడను ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన యుదాహరణమేది? మన విద్యార్థి డిసెంటు పత్రమును ఎపుడైన జదివినను తెలుఁగు అనువాదమున భాగములుగాఁ జదువును. అప్పారావుగారు తన సోదరాంధ్రులతో మాటలాడుచున్నారని భ్రమించును. ఉపాధ్యాయుఁడు మూలభాషను, సమర్పించిన స్థానమును మొదటి నిమిషముననే చెప్పనిచో పాఠమంతయు దారి తప్పును.

మఱియు ఆ పేరులలోనే వాదము మొదలైనది. ‘మెమొరాండ’మనునది కార్యాలయములకుఁ బంపు విజ్ఞాపనము, ‘నేను తెలిసినదానిని మీ యెదుట నుంచుచున్నాను’ అను వినయము దాని వేషము. ‘డిఫెన్సు’ అనఁగా రక్షణము. రక్షణమన్నంతనే ఇల్లొకటి యున్నదనియు, దొంగ యొకఁడు వచ్చెననియు చదువరి మనస్సున బొమ్మ గట్టును. ‘డిసెంటు’ అనునది సంఘములోని సభ్యుఁడు అధికసంఖ్యాకుల నిర్ణయముతో విభేదించి వ్రాయునది. అట్టి పత్రమును వ్రాయువాఁడు తన ప్రక్కఁ గూర్చుండినవారిని మార్చుటకు వ్రాయఁడు. అచటి లెక్క ముగిసినది. వారిపై నున్నవారిని, వారి తరువాత వచ్చువారిని ఉద్దేశించి వ్రాయును. ఇట్లు మూఁడు పేరులు మూఁడు విధములుగాఁ జదువరిని గూర్చుండఁబెట్టినవి. ఇది లోపలి పుటలను దెఱువకముందే పది నిమిషములలో విద్యార్థులచేతనే చెప్పింపవచ్చును.

ఇరువది సంవత్సరములకు, 1933లో, రామమూర్తిగారు వెలువరించిన గ్రంథము పేరు ‘ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజము’. ఇది తెలుఁగు గ్రంథము. శ్రోత మారినాఁడు. ప్రభుత్వము పోయి పండితుఁడు ఎదుట నిలిచినాఁడు. కావుననే పేరు తత్సమసమాసము. పండితుల చాపమీఁదనే కూర్చుండి మాటలాడుట. పండితులు భాషకు వైద్యులమనుకొనుచున్నారు, ఇది వారి మందు అని ఒక యర్థము. సంస్కృతమున భేషజము ఔషధము. తెలుఁగువాడుకలో భేషజము లేని గొప్పను జూపుట. ఒక్క శ్లేషతో సంస్కృతార్థముచే వైద్యునిగా నిలిపి, వాడుకార్థముచే ఆ వైద్యము పటాటోపమనిపించెను. వాడుకమాట సంస్కృతమాటను ఓడించుట పేరులోనే జరిగినది! ఇట్టి శ్లేష పద్యములో నున్నచో మనము అర్ధగంట వ్యాఖ్యానింతుము. గ్రంథము పేరగుటచే దానిని సంవత్సరముతోఁ గూడ వల్లెవేయించి విడిచిపెట్టుచున్నాము.

ఇఁక యుక్తికి వత్తము. గ్రాంథికమును సమర్థించు పండితుల రచనలలోనే వ్యాకరణదోషములు కలవని ఎత్తిచూపుట రామమూర్తిగారి ప్రధానాయుధము. దీనిని బంచావయవములుగాఁ గూర్పుమని విద్యార్థినడుగుఁడు. ‘గ్రాంథికము అప్రమాణము, దానిని సమర్థించువారే తప్పులు వ్రాయుచున్నారు గనుక’ అని మొదట వ్రాయును. అప్పుడు, శ్రుతి తప్పి పాడు గాయకులు కలరు, అంతమాత్రమున సంగీతశాస్త్రము అప్రమాణమగునా అని ప్రశ్నింపుఁడు. హేతువు వ్యభిచరించినది. విద్యార్థి ఇచ్చట రామమూర్తిగారిని ఓడించితినని సంతోషించును. ఆ సంతోషమును ఒక నిమిషము సాగనిచ్చి, విషయానుబంధమునకు మరలఁ దీసికొని రండు. నాఁటి వివాదము కావ్యములను గుఱించినదా? కాదు, పాఠశాలలలోను గళాశాలలలోను బాలుఁడు ఏ భాషలో వ్యాసము వ్రాయవలెను అని. ‘గ్రాంథికమును బాలురకు విధింపరాదు, జీవితమంతయు దానిని సాధించినవారికే అది పట్టుపడుట లేదు గనుక’ అని సాధ్యమును మార్చినచో అదే హేతువు చాలవఱకు నిలుచును. ఒకే హేతువు ఒక సాధ్యమునకు ఆభాసము, మఱియొక సాధ్యమునకు సద్ధేతువు. సాధ్యమును గుర్తింపక వాదమును ఖండించుట, స్తుతించుట రెండును వ్యర్థములే యని బాలునకు ఇచ్చట తెలిసినంతగా వేఱొకచోటఁ దెలియదు.

ప్రతిపక్షమును గూడ ఈ త్రాసులోనే తూఁచవలెను. వాడుకభాష సీమకొక తీరుగా నుండును, కావున వ్రాఁతకుఁ దగదు అనునది గ్రాంథికవాదుల బలమైన యుక్తి. సీమకొక మాట గల ఇతరభాషలు ఒక వాడుకరూపమునుండియే వ్రాఁతభాషను గల్పించుకొనలేదా యని దీనికిఁ బ్రతిహేతువు వచ్చును. వ్యావహారికవాదులు దీనికిఁ జెప్పిన సమాధానము ఒక్క విశేషణములో నున్నది: వారు కోరినది ‘శిష్ట’వ్యావహారికము. ఆ విశేషణము ఎంత పని చేయుచున్నదో చూపుట ఉపాధ్యాయుని నేర్పు. సీమాభేదమను ఆక్షేపమును అది యొక్క దెబ్బతోఁ ద్రోసివైచినది. కాని శిష్టుఁడెవఁడు? ఏ జిల్లావాఁడు? కృష్ణాగోదావరీమండలముల విద్యావంతుల మాటయే శిష్టమై, తమ మాట బడిపుస్తకములకు వెలియైనదని తెలంగాణమువారు అనంతరకాలమున ఆక్షేపించుటకు బీజము ఆ రెండక్షరములలోనే యున్నది. వాదము నడుమ వచ్చిన విశేషణము నిర్దోషముగాఁ గనఁబడును. వాదము నెగ్గిన పిమ్మట అదియే శాసనమగును.

ఇన్ని శాస్త్రపరిభాషలు పదునాలుగేండ్ల బాలుఁడు మోయఁగలఁడా యని కొందఱు పండితమిత్రులు అడిగిరి. మోయనక్కఱలేదు. అర్థవాదము, వ్యభిచారము అను పేరులు ఉపాధ్యాయుని మనస్సున నుండిన చాలును. బాలునకుఁ జేరవలసినవి ప్రశ్నలు. ఇంతకంటె బరువైన ఆక్షేపము వేఱొకటి కలదు. షడ్లింగములు అపౌరుషేయవాక్యమునకై ఏర్పడినవి. అందు వక్తృదోషమను శంకయే లేదు. వాక్యమునకు ఏకతాత్పర్యము కలదను విశ్వాసముతోనే మీమాంసకుఁడు బయలుదేరును. మనుష్యుఁడు వ్రాసిన పత్రమున ఆ విశ్వాసము పనికిరాదు. వ్రాసినవానికి రెండు తాత్పర్యము లుండవచ్చును. ఒకటి దాఁచఁబడియు నుండవచ్చును. తనకే తెలియకయు నుండవచ్చును. కావున ఆప్తత్వపరీక్షను నైయాయికునియొద్ద నరువు తెచ్చుకొనవలెను. వాదమా, జల్పమా, వితండయా అను విభాగమును అచటనే దొరకును. తత్త్వమును దెలిసికొనుటకుఁ జేయునది వాదము, గెలుచుటకుఁ జేయునది జల్పము, స్వపక్షము నిలుపక పరపక్షమును బడఁగొట్టుటకే చేయునది వితండ. నేఁటి పత్రికలను ముందిడుకొని ఈ మూఁటిని వేఱుపఱుపుమన్నచో బాలురు ఎంత యుత్సాహముతోఁ జేయుదురో చూచిన ఉపాధ్యాయుఁడు పరిభాషకు వెఱవఁడు.

పరీక్షాపత్రము మాఱనిది బోధ మాఱదు. ‘ఈ వ్యాసమునకు సారాంశము వ్రాయుము’ అనుదాని స్థానమున నేను ఈ ప్రశ్నలను బ్రతిపాదించుచున్నాను. ఇందు చదువరిని ఏమి చేయుమని కోరుచున్నారు? ఆ చదువరి యెవఁడు? ఏ వాక్యమును దీసివేసినచో వాదము కూలును? ఏ వాక్యమును దీసివేసినను వాదము కూలదు? అట్లయినచో ఆ వాక్యము అచట ఎందులకున్నది? ఈ కడపటి ప్రశ్నకే నేను సగము గుణములు కేటాయింతును. సమాధానములు విద్యార్థికొక తీరుగా వచ్చును, గుణములు వేయుట కష్టమని పరీక్షాధికారులు చెప్పుదురు. మూల్యాంకనసూచికలో ఒకే సరియైన సమాధానమును ముద్రించు నాచారమే ఆ కష్టమునకు మూలము. దానికి మాఱుగా, విద్యార్థి యేర్పఱచుకొన్న వాక్యమునకు అతఁడు చెప్పిన కారణము పాఠమునందలి మాటలచే నిలుచునా, నిలువదా అని మాత్రమే దిద్దువారు చూడవలెనని సూచిక యుండిన చాలును. రామమూర్తిగారి పత్రమునుండి ఒక పుటను, రామయ్యపంతులుగారి పత్రమునుండి ఒక పుటను తెనిఁగించి, పేరులు తీసివైచి, తొమ్మిదవ తరగతి మొదలుకొని యిట్లు పరీక్షింపవచ్చును.